పదమూడో పీట

పూర్వం, వరసగా మూడేళ్ళు వానలు లేక మెట్ట తాలూకాలన్నీ ఎండిపోయి, అక్కడి జనం మూటలు నెత్తిన పెట్టుకుని కాలువ తవ్వే పనుల కోసం తూర్పుకు నడిచిపోతున్న కరువుకాలంలో, ఆ నడకదారి పక్కనే ఎర్రదిబ్బ అనే రాతిమిట్ట మీద పాతిక గుడిసెల క్రైస్తవ పల్లె ఒకటి ఉండేది. ఈనాడు చిన్నపీట అని పిలిచే ఊరు అదే. ఆ పల్లెవాళ్ళు తరతరాలుగా పెద్దూరి బావి గట్టు కింద నిలబడి, పైనుంచి ఎవరైనా దయతలచి పోస్తే దోసిలి పట్టి తాగినవాళ్ళు. పోసేవాళ్ళకు తీరిక లేనిరోజున పొద్దు వాలేదాకా అక్కడే నిలబడినవాళ్ళు. క్రైస్తవ వేదంలో కలిసిన తరువాత తామే గడ్డపారలు పట్టి, నల్లరాయి పగలగొట్టి, ఏడాది పొడుగునా తవ్వి తమకంటూ ఒక బావి సంపాదించుకున్నారు. ఆ బావిలో మొదటిసారి చేద వేసిన రోజున ముసలివాళ్ళు వెంటనే తాగలేక, నీళ్ళను చూస్తూ చాలాసేపు కూర్చున్నారని మా పెద్దలు చెప్పేవారు.

ఆ పల్లెకు ఉపదేశి ఇన్నాసయ్య. ఫాదరుగారు పన్నెండు మైళ్ళ దూరంలోని పెద్దగుడి నుంచి ఏడాదికి మూడు నాలుగుసార్లే వచ్చేవారు గనుక, తక్కిన రోజుల్లో ప్రార్థన చెప్పించడం, పిల్లలకు జపాలు నేర్పడం, చావుకూ పుట్టుకకూ ముందుండడం ఇన్నాసయ్య పని. భార్య పోయింది. ఒక్కతే కూతురు, లూర్దమ్మ, ఏడేళ్ళది. నది అవతల కన్యస్త్రీలు నడిపే బడిలో ఉండి చదువుకుంటోంది. రోజూ సాయంత్రం పల్లె ప్రార్థన ముగిశాక ఆయన ఒక్కడే మోకాళ్ళ మీద మిగిలిపోయి, తన బిడ్డకు వేళకింత నీళ్ళిచ్చే మనసు ఎవరికైనా కలిగించమని దేవుణ్ణి వేడుకునేవాడు. ఆయన మంచివాడు. నీతి తప్పనివాడు. వినయాన్ని గురించి ఆయన చెప్పినంత చక్కగా ఆ చుట్టుపక్కల ఎవరూ చెప్పేవారు కారట.

పవిత్ర గురువారం నాడు ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన దానికి గుర్తుగా ఫాదరుగారు గుడిలో పన్నెండుమంది మగవాళ్ళను పీటల మీద కూర్చోబెట్టి, మోకరించి, వాళ్ళ పాదాలు కడిగి తుడుస్తారు. కరువు ముదరక ముందటి ఏడు ఆ పన్నెండుమందిలో రాయపు అనే చెప్పులు కుట్టే ఆయన కూర్చున్నాడు. ఆయన మడమలు బీటలు వారిన చెరువులాగా ఉండేవి. వాటిని తుడుస్తూ ఫాదరుగారు కొంచెం ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తుడిచారు. అంతే జరిగింది. ఫాదరుగారి మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. ఇన్నాసయ్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"నా కాళ్ళు చూసి ఫాదరుగారు పూజ సగంలో వదిలేసి గుర్రమెక్కుతాడనుకున్నా," అని రాయపు బయటికొచ్చి నవ్వాడు.

"నీ కాళ్ళు కాదు మామా, ఆ తువ్వాలు సంగతి చూడు. దాన్ని ఇక పాతరెయ్యాల్సిందే," అన్నారు కుర్రవాళ్ళు.

ఇన్నాసయ్య నవ్వలేదు. మరుసటేడు పన్నెండుమందినీ ముందుగా పిలిచి, ఒక్కరి కాలికి కూడా మట్టి ఉండకూడదనీ, ఇంటిదగ్గరే ఇటుకముక్కతో మడమలు రుద్ది, కడుక్కుని, ఆముదం రాసుకుని మరీ గుడికి రావాలనీ ఆజ్ఞాపించాడు.

రాయపు తల గోక్కుని, "కడిగిన కాళ్ళే కడగాలంటే ఇంక ఫాదరుగారెందుకు ఉపదేశిగారూ, మా ఆడాళ్ళు చాల్రా?" అన్నాడు.

"ఆయన మన ముందు మోకరిస్తుంటే మనం మురికి చూపిస్తామా? మనకు కూడా ఒక మడి, ఒక శుభ్రం ఉందని నలుగురికీ తెలియొద్దా?" అన్నాడు ఇన్నాసయ్య. తరతరాలుగా ముట్టుకోవద్దనిపించుకున్న వాళ్ళకు ఆ మాట తియ్యగానే ఉండింది.

ఆ ఏడు కరువు ముదిరింది. బావి అడుగున తెల్లవారేసరికి ఊరిన నీళ్ళను ఇంటికి రెండు కడవల చొప్పున పంచుకునేవారు. ఆ తరువాత మరునాటి ఊట దాకా బావిలో బురదే. పవిత్ర గురువారం నాడు పన్నెండు ఇళ్ళవాళ్ళు తమ వంతు నీళ్ళలో ఒక కడవ కాళ్ళు కడుక్కోవడానికే వాడేశారు. తక్కిన ఇళ్ళవాళ్ళు తలా ఒక చెంబు తెచ్చి గుడివాకిట్లో ఉన్న ఇత్తడి గంగాళంలో పోశారు. ఇన్నాసయ్య దాని మీద చలువ చేసిన తెల్లగుడ్డ కప్పాడు. మధ్యాహ్నం దాటిన వేళ, ఊరంతా గుడిలో చేరి, ఫాదరుగారు లోపల ఒక్కొక్కరూ ఒప్పుకునే పాపసంకీర్తనాలు వింటూ ఉండగా, దారి మీది జనంలోనుంచి ఒక స్త్రీ విడివడి గుడివైపు వచ్చింది.

కట్టు చూస్తే పెద్దరైతు ఇంటి కోడలని తెలుస్తూనే ఉంది. మంచికాలంలో అయితే ఆ పల్లె నీడ కూడా పడకుండా తప్పుకుని పోయే కుటుంబం. చంకలో ఆరేడేళ్ళ ఆడపిల్ల. పిల్ల పెదవులు తెల్లగా పేలిపోయి ఉన్నాయి, ఒక కాలికే వెండి కడియం ఉంది, రెండు అరికాళ్ళూ బొబ్బలు చితికి ఎర్రగా ఉన్నాయి. వాకిలి పక్కన, బావి తవ్వినప్పుడు మిగిలిన నల్లరాతి పలక ఒకటి ఉండేది. ఆమె పిల్లను దాని మీద దించింది. పిల్ల పడిపోకుండా రెండు పాదాలూ రాతికి ఆనించి గొంతుకూర్చుంది.

"అయ్యా, పిల్లకు గుక్కెడు నీళ్ళు," అని ఆమె గంగాళం వైపు చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దమ్మా!" అన్నాడు ఇన్నాసయ్య.

పుట్టినప్పటి నుంచీ తన చెవిన పడుతూ వచ్చిన మాట తన నోటివెంట అంత తేలిగ్గా రావడం ఆయన ఆ క్షణాన గమనించలేదు. తరువాత జీవితమంతా ఆయన విన్నది ఆ మాటనే. అప్పుడు మాత్రం మెత్తగానే, నచ్చజెబుతున్నట్టుగానే, "ఇవి పూజకు పెట్టిన నీళ్ళు. బావి అడుగంటింది. పూజ కాగానే మా ఇంటి కడవలోవి నేనే తెచ్చిస్తాను, కాసేపు కూర్చోండి," అన్నాడు. ఆయన ఇల్లు నూరడుగుల దూరం. కానీ అంతలో గుడిలో గంట మోగింది. ఫాదరుగారు పీఠం దగ్గరికి వస్తున్నారు. ఉపదేశి పక్కన లేకపోతే ఎలా? ఇన్నాసయ్య గంగాళం ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు.

ఆనాటి పూజ ఎంతో వైభవంగా జరిగిందట. పన్నెండుమంది పాదాలూ నిగనిగలాడుతుండగా ఫాదరుగారు ఒక్కొక్కరి ముందు మోకరించి నీళ్ళు పోసి తుడిచారు. తువ్వాలు మీద మరక పడలేదు. పల్లెవాళ్ళ కళ్ళు చెమర్చాయి. ఇన్నాసయ్య గొంతెత్తి పాట అందుకుని, చరణం వెంట చరణం పాడించాడు. ప్రసంగం కూడా నిడివిగా సాగింది. ప్రభువు దాసుడిలా నడుము వంచాడనీ, మనమూ ఒకరికొకరం అలా వంగాలనీ ఫాదరుగారు చెప్పగా ఆయన తలూపుతూ విన్నాడు. అంతా ముగిశాక, ఆచారం ప్రకారం కడిగిన నీళ్ళను ఎవరూ తొక్కని చోట పారబోయడానికి గంగాళం పట్టుకుని గుడి వెనక్కు వెళ్ళి, వేపమొదట్లో గుమ్మరించాడు.

అప్పుడు ఆ స్త్రీ పిల్లను చంకనెత్తుకుని ఎక్కడనుంచో పరుగున వచ్చి నేలమీద పడింది. మట్టిలో ఇంకిపోతున్న తడిని కొంగుతో అద్ది, పిల్ల నోటిలో పిండడం మొదలుపెట్టింది. అద్దింది, పిండింది. మళ్ళీ అద్దింది. వేపాకు, మట్టి, నాలుగు బొట్లు. ఇన్నాసయ్య ఖాళీ గంగాళం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ నీళ్ళు తేటగా ఉండేవి. కడిగినవి ముందే కడుక్కొచ్చిన కాళ్ళు కదా! నేల మీద పోసేదాకా, ఏ పిల్లకైనా తాగించదగినంత తేటగా ఉండేవి.

ఆమె తలెత్తి, "ఇందుకేనా అయ్యా ఇంతసేపూ ఆపింది?" అని మాత్రం అడిగింది.

ఇన్నాసయ్య ఇంటికి పరిగెత్తాడు. కడవ ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి వేపచెట్టు కింద ఎవరూ లేరు. దారి మీదికి ఉరికాడు. తూర్పుకు పోయే జనంలో మూటలూ, చంకబిడ్డలూ, దుమ్మూ తప్ప ఆ ఇద్దరి జాడ చిక్కలేదు. రెండు మైళ్ళ దాకా వెళ్ళి, అడిగినవాళ్ళకల్లా నీళ్ళు పోస్తూ కడవ ఖాళీ చేసి వెనక్కి వచ్చాడు.

ఆ సాయంకాలమే గుడివాకిట్లో అందరూ వింటుండగా ఫాదరుగారి కాళ్ళ దగ్గర కూలబడి జరిగింది చెప్పాడు. ఫాదరుగారి ముఖం పాలిపోయింది. "నాకొక్క మాట చెబితే ఆ నీళ్ళు నా చేత్తో ఆ పిల్లకు పోసేవాణ్ణి గదయ్యా. ఈనాటి పూజ అదే అయ్యేది," అన్నారు. కొంతసేపటికి జాలిపడి, "పూజ మీది భక్తితోనే ఆపావు. దేవుడు నీ మనసు ఎరుగును," అన్నారు.

"ఆపినందుకు కాదు ఫాదరుగారూ. లోపలికొచ్చి పాట అందుకున్నాక ఆ పిల్ల ఉందన్న సంగతే మరిచిపోయాను. గంగాళం గుమ్మరించేటప్పుడు కూడా గుర్తురాలేదు," అన్నాడు ఇన్నాసయ్య.

ఫాదరుగారు దేవుడి పేర మన్నింపు చెప్పారు. ఇన్నాసయ్యకు అది తగల్లేదు. ఫాదరుగారు వచ్చిన ప్రతిసారీ అదే పాపాన్ని మళ్ళీ చెప్పుకునేవాడినని ఇన్నాసయ్యే అనేవాడు. చివరికి ఫాదరుగారు విసుగులేకుండానే, మన్నించిన దాన్ని పదేపదే తవ్వితే దేవుడి మాటను నమ్మనట్టేనని హెచ్చరించారు. ఆనాటి నుంచి ఇన్నాసయ్యకు రెండు పాపాలయ్యాయి.

పిల్ల బతికిందా? ఆయనకు కావలసింది ఆ ఒక్కటే. ఉపదేశి పని వదులుకుని, నల్లరాతి పలకను దారి పక్కకు దొర్లించుకుని, దాని దగ్గర నీళ్ళకడవ పెట్టుకుని కూర్చున్నాడు. కాలువ పనులకు పోయేవాళ్ళకూ, తిరిగి వచ్చేవాళ్ళకూ ముందు తాగడానికి పోసి, తరువాత వాళ్ళ కాళ్ళు కడిగేవాడు. కడిగేటప్పుడు ఒకే మాట అడిగేవాడు: "ఒంటికడియం పిల్లను ఎక్కడైనా చూశారా?" చూశామన్నవాళ్ళున్నారు. నిజమో, మంచితనం కొద్దీ అన్నదో తెలియదు. ఒకరు పని శిబిరంలో చూశామన్నారు. ఆయన ముప్పై మైళ్ళు నడిచి వెళితే అది వేరే పిల్ల, కడియం ఇత్తడిది.

కరువు తీరింది. వానలు పడ్డాయి. దారి మీద నడిచేవాళ్ళు తగ్గారు. ఇన్నాసయ్య లేవలేదు.

"ఉపదేశిగారూ, బండ్లెక్కిపోయే వాళ్ళను కూడా ఆపి కాళ్ళు కడుగుతున్నావంట. నిన్న పెద్దూరి కరణాన్ని బండి దిగమన్నావంట గదా?" అని రాయపు నవ్వించబోయాడు.

"దిగాడు మామా. ఆయన కాళ్ళు కూడా పగిలే ఉన్నాయి," అన్నాడు ఇన్నాసయ్య, నవ్వకుండా.

ఆ రోజుల్లో నది అవతల నుంచి కూతురి ఉత్తరం వచ్చింది. "నాన్నా, ఇక్కడ వంటచేసే అంతోనమ్మ పెద్దమ్మ నా కాళ్ళు పగిలినాయని రోజూ ఆముదం రాస్తుంది. వేళకి నీళ్ళు ఇచ్చి, నేను తాగిందాకా పక్కనే నిలబడుతుంది. నువ్వు బెంగ పెట్టుకోవద్దు. నన్ను చూడటానికి ఎప్పుడొస్తావు?" అని రాసింది. దాన్ని చదువుకుని ఆయన రాతి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. రోజూ వేడుకున్నదే తనకు దక్కింది, చెంబు తప్పకుండా దక్కింది. తను ఆపిన పిల్ల కోసం వాళ్ళమ్మ కూడా ఆ దారి పొడుగునా అదే వేడుకుని ఉంటుంది గదా, ఆ వేడుకోలుకు బదులుగా దేవుడు తన దగ్గరికే గదా పంపాడు అనిపించింది. ఆనాటి నుంచి కూతురి కోసం ప్రార్థించడం మానేశాడు. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? చూడడానికీ వెళ్ళలేదు, తను లేచిన పూటే ఆ తల్లి వచ్చి పోతుందేమోనని భయం. లూర్దమ్మ పెరిగి, చదువు ముగించి, అక్కడే పంతులమ్మగా కుదిరి, ఏటా రాస్తూ ఉంది. ఉత్తరాల్లో రమ్మనే మాట ఏడాదికేడాది చిన్నదై, ఒక ఏడు పూర్తిగా లేకుండా పోయింది.

పన్నెండో ఏట, పవిత్ర గురువారానికి ముందు వచ్చే తపస్సుకాలంలో, పడమటి నుంచి ఒక నడివయసు స్త్రీ ఒంటరిగా నడిచి వచ్చి ఆ రాతి పక్కన నిలబడింది. ఇన్నాసయ్య నీళ్ళిచ్చాడు, తాగింది. వంగి కాళ్ళు కడుగుతూ, అలవాటు ప్రకారం, ఒంటికడియం పిల్లను చూశారా అమ్మా అని అడిగాడు.

ఆమె వంగి ఆయన ముఖంలోకి చూసింది. "ఏం అయ్యా, నన్ను గుర్తుపట్టలేదా?" అంది.

ఆయన చెంబు నేల మీద పెట్టి తలెత్తాడు.

"నాలుగో మైలు కాడ పోయింది," అంది ఆమె. "ఆ సాయంకాలమే. గుంట తియ్యడానికి కూడా ఎవరూ ఆగలేదు. చేత్తోనే తవ్వినా. కడియం తియ్యలేదు, దానితోనే పెట్టినా."

ఇన్నాసయ్య ఆమె పాదాల మీద తల వాల్చి మన్నించమని అడిగాడు. ఆమెకు కోపం ఉన్నట్టు లేదు. అలసట మాత్రమే ఉంది. "నేనెవర్ని అయ్యా మన్నించడానికి? దాన్ని అడగాల," అంది. కడిగిన కాళ్ళను కొంగుతో తానే తుడుచుకుంది. లేవబోతూ ఆ నల్లరాయిని చూసి, చెయ్యి ఆనించి, "ఈ రాతి మీదనే గదా కూర్చోబెట్టింది నేను. తాగడానికి కాకపోయినా, ఆ బొబ్బల మీద చెంబుడు పోసి ఉంటే కాస్త చల్లబడేది పిల్లకు," అంది. ఆ మాటలో నిందలేదు. చిన్నప్పుడే పోయిన బిడ్డను తల్లి ఎలా తలచుకుంటుందో అలా తలచుకుంది, అంతే. తరువాత తూర్పుకు సాగిపోయింది. ఆమె పేరు ఎవరూ అడగలేదు. మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఇన్నాసయ్య నాలుగో మైలు దాకా వెళ్ళి దారికిరువైపులా వెదికాడు. ఆ పన్నెండేళ్ళలో దారినే పక్కకు జరిపి వేశారు. ఏ గుంట ఎక్కడుండేదో చెప్పేవాళ్ళు లేరు. వెనక్కి వచ్చి, ఆ నల్లరాతి పలకను ఒక్కడే దొర్లించుకుంటూ గుడి లోపలికి చేర్చి, పన్నెండు పీటల వరస చివర పెట్టాడు.

"శిష్యులు పన్నెండుమందే గదా. ఇదెవరికి?" అన్నాడు రాయపు.

"ఆ పన్నెండుమందీ ఇంట్లోనే కడుక్కొచ్చారు మామా," అన్నాడు ఇన్నాసయ్య.

ఆ పవిత్ర గురువారం నాడు ఫాదరుగారు పన్నెండో మనిషి పాదాలు తుడిచి లేవబోతుంటే, ఇన్నాసయ్య వచ్చి పదమూడో పీట ముందు మోకరించి, ఎవరూ లేని రాతి మీద చెంబెడు నీళ్ళు పోసి, తువ్వాలుతో మెల్లగా, నొప్పి కలుగుతుందేమో అన్నట్టు అద్దాడు. బతికినన్నాళ్ళూ ఏటా అలాగే పోశాడు. మనసు కుదుటపడిందా అని చివరి రోజుల్లో రాయపు అడిగితే లేదన్నాడట. అబద్ధం ఆడి ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి మాకు తేలికగా ఉండేది. కబురందుకుని నది దాటి వచ్చిన లూర్దమ్మ తండ్రిని కడసారి చూడలేకపోయింది, అప్పటికే పెట్టె మూసేశారు. ఆమె గుడిలోకి వెళ్ళి, పదమూడో పీట ముందు కూర్చుని, అందరూ వెళ్ళిపోయేదాకా లేవలేదు. ఆ తరువాతి పవిత్ర గురువారం నాటికి వచ్చి ఆ రాతి మీద నీళ్ళు పోసింది ఆమే.

నేటికీ చిన్నపీట గుడిలో ఆ రాయి ఉంది. దాని మీద ఆరేడేళ్ళ పిల్ల గొంతుకూర్చుంటే పాదాలు ఎక్కడ ఆనుతాయో సరిగ్గా అక్కడ రెండు చిన్న పల్లాలు ఉన్నాయి. ఏడాదికొక చెంబు నీళ్ళకు నల్లరాయి అరుగుతుందా అని వచ్చినవాళ్ళు అడుగుతారు. అరగదనే మావాళ్ళు చెబుతారు, కానీ దాన్ని మహిమ అని పిలవరు. మహిమ జరగవలసిన రోజున జరగలేదని వాళ్ళకు తెలుసు. పవిత్ర గురువారం నాడు ఆ ఊళ్ళో ఎవరూ కాళ్ళు కడుక్కుని గుడికి రారు. పొలం నుంచి ఎలా వస్తే అలాగే, బురదతో, పగుళ్ళతో వచ్చి పీటల మీద కూర్చుంటారు. గంగాళం ముందు దారి పక్కన పెట్టి, దాహమన్నవాళ్ళందరూ తాగాకనే, మిగిలినవి లోపలికి తెస్తారు. మిగలని ఏడు, తడిగుడ్డతో పాదాలు తుడిచి సరిపెట్టుకుంటారు.

తక్కిన రోజుల్లో, బిడ్డలను దూరప్రాంతాల్లో పెట్టుకున్న తల్లులూ తండ్రులూ ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆ రాతి మీద తలా ఒక చెంబు నీళ్ళు పోసి పోతారు. అక్కడ తన బిడ్డ కోసం ఏమీ అడగకూడదని ఆచారం. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పరు. పోస్తారు, తువ్వాలుతో అద్దుతారు, లేచి వెళ్ళిపోతారు. ఎండాకాలంలో ఆ రెండు పల్లాల్లో నిలిచిన నీళ్ళు మధ్యాహ్నం కాకముందే ఆరిపోతాయి.